ఒక్క బంధం తిరిగితే

కార్బన్ 37, హైడ్రోజన్ 48, నైట్రోజన్ 6, ఆక్సిజన్ 5, గంధకం 2. మొత్తం 98 పరమాణువులు, అణుభారం 720.95. రిటోనవిర్ అనే హెచ్ఐవీ మందు లెక్క ఇది. 1996 మార్చి 1న అమెరికాలో దానికి అనుమతి వచ్చిన నాడూ ఇదే లెక్క. 1998 వేసవిలో అబాట్ కంపెనీ దాని క్యాప్సూళ్ళను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్న నాడూ ఇదే లెక్క. ఈ రెండేళ్ళలో ఒక్క పరమాణువు మారలేదు, ఒక్క బంధం తెగలేదు, కొత్తది ఏర్పడలేదు. అణువులో ఒకచోట ఒక బంధం చుట్టూ అర్ధ వలయం తిరుగుడు వచ్చింది. అలా తిరిగిన అణువులు వేరే వరసలో పేర్చుకుని వేరే స్ఫటికం కట్టాయి. ఆ స్ఫటికం సరిగా కరగలేదు. కరగని మందు రక్తంలోకి చేరదు.

ఫార్ములా తెలిస్తే పదార్థం తెలిసినట్టేనని మన కెమిస్ట్రీ పాఠాలు నేర్పుతాయి. ఘనరూపంలో ఉన్న మందు విషయంలో అది సగం నిజమే. అణువు ఏ భంగిమలో ఉంది, పక్కవాటితో ఏ వరసలో చేరింది అన్నవి మిగతా సగం. ఆ సగాన్ని కొలవవచ్చు, ఒక్కో అంకెలో చూపవచ్చు. అందుకు రిటోనవిర్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

హెచ్ఐవీ వైరస్‌కు ప్రోటియేజ్ అనే కత్తెర ఎంజైమ్ ఒకటుంది. ఒక్కోటి 99 అమైనో ఆమ్లాలున్న రెండు ఒకేలాంటి గొలుసులు కలిస్తే ఆ ఎంజైమ్. వైరస్ పొడవాటి ప్రోటీన్లను అది ముక్కలు చేస్తేనే కొత్త వైరస్ పక్వమవుతుంది. కత్తెర నోట్లో ఇరుక్కునేలా తయారుచేసిన అణువే రిటోనవిర్. ప్రోటీన్ ముక్కను పోలి ఉండాలి గనక అది పొడవుగా, గొలుసులా ఉంటుంది. రెండు చివర్లా రెండు థయజోల్ వలయాలు, మధ్యలో రెండు బెంజీన్ వలయాలు. వాటిని కలుపుతూ ఒక యూరియా, ఒక అమైడ్, ఒక కార్బమేట్. ఒక హైడ్రాక్సిల్ కూడా ఉంది.

ఈ అణువులో కుడి ఎడమ తేడా చూపే కేంద్రాలు 4. అంటే కాగితం మీద ఒకే ఫార్ములాకు 16 ప్రాదేశిక రూపాలు సాధ్యం. మందు వాటిలో ఒకటే. ఒక దాని నుంచి ఇంకోదానికి వెళ్ళాలంటే బంధం తెంపి మళ్ళీ కట్టాలి, కాబట్టి అవి నిజంగానే వేర్వేరు పదార్థాలు. మన కథ వాటిది కాదు. ఆ ఒక్క రూపంలోనే, ఏ బంధమూ తెంపకుండా, బంధాల చుట్టూ తిరగడం వల్ల వచ్చే భంగిమలది. రసాయనశాస్త్రం వీటిని కన్ఫర్మేషన్లు అంటుంది. రిటోనవిర్‌లో తేలిగ్గా తిరగగల బంధాలు పదిహేనుకు పైనే. ఒక్కోదానికి మూడు సుఖమైన స్థానాలే ఉన్నాయనుకుని, పదిహేను బంధాలకే లెక్క కట్టినా 3 ను 15 సార్లు గుణించాలి. అది 1,43,48,907. ఒక అణువుకు దాదాపు కోటీ 43 లక్షల భంగిమలు. చాలా భంగిమల్లో అణువు తనను తానే గుద్దుకుంటుంది కాబట్టి నిజంగా వీలయ్యేవి అంతకంటే చాలా తక్కువ. అయినా ద్రావణంలో ఉన్నంతసేపూ ఈ అణువు నిలకడ లేకుండా మెలికలు తిరుగుతూనే ఉంటుంది. స్ఫటికంలో చేరాలంటే మాత్రం ఒక భంగిమకు కట్టుబడాలి.

అన్ని బంధాలూ అంత స్వేచ్ఛగా తిరగవు. కార్బమేట్‌లో నైట్రోజన్‌కూ కార్బొనైల్ కార్బన్‌కూ మధ్య ఉన్న బంధం సగం ద్విబంధం లాంటిది. అది చదునుగా ఉండాలని పట్టుబడుతుంది. దానికి రెండే స్థానాలు: సుమారు 180 డిగ్రీల ట్రాన్స్, సుమారు 0 డిగ్రీల సిస్. ప్రోటీన్లలోని పెప్టైడ్ బంధాలదీ ఇదే స్వభావం. ప్రోలీన్‌కు ముందుండేవి వదిలేస్తే, ప్రోటీన్లలో వెయ్యి పెప్టైడ్ బంధాలకు ఒకటి కూడా సిస్ కనిపించదు. సిస్‌లో పక్కపక్క సమూహాలు ఒకదానినొకటి ఒత్తుకుంటాయి. కార్బమేట్‌లో ఒత్తిడి కాస్త తక్కువే అయినా అక్కడా ట్రాన్స్‌కే మొగ్గు.

అబాట్ శాస్త్రవేత్తలు మొదట తయారుచేసి, పరీక్షించి, అమ్మిన స్ఫటికంలో కార్బమేట్ ట్రాన్స్ స్థానంలోనే ఉంది. దాన్ని మొదటి రూపం అందాం. 1998లో తలెత్తిన రెండో రూపంలో అది సిస్. ఎవరూ ఊహించని స్థానం అదే.

ఈ సంగతి ఎలా తెలిసింది? 1895లో రాంట్జెన్ ఎక్స్ కిరణాలను కనుక్కున్నాడు. 1912లో మ్యూనిక్‌లో లావే బృందం వాటిని స్ఫటికం గుండా పంపి చుక్కల నమూనా రాబట్టింది. ఆ చుక్కల నుంచి పరమాణువుల దూరాలను లెక్కగట్టే సూత్రాన్ని బ్రాగ్ తండ్రీకొడుకులు ఇచ్చారు, 1915లో నోబెల్ అందుకున్నారు. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే రాగి ఎక్స్ కిరణం తరంగదైర్ఘ్యం 1.5418 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటర్‌లో పది కోట్లవ వంతు. రెండు కార్బన్ పరమాణువుల మధ్య మామూలు ఏకబంధం పొడవు కూడా 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లే. కొలవాల్సిన దూరమూ కొలబద్దా ఒకే తరహాలో ఉన్నాయి గనకే ఈ పని సాధ్యమైంది. మామూలు కాంతి తరంగం దీనికి వేల రెట్లు పెద్దది.

ఎక్స్ కిరణానికి కనిపించేది ఎలక్ట్రాన్లు. ఒకే ఎలక్ట్రాన్ ఉన్న హైడ్రోజన్ దాదాపు కనిపించదు. రిటోనవిర్‌లో హైడ్రోజన్లు పోను 50 పరమాణువులు మిగులుతాయి. ఒక్కోదానికి ఎక్కడ ఉందో చెప్పడానికి మూడు అంకెలు, ఏ దిక్కున ఎంత కంపిస్తోందో చెప్పడానికి ఆరు అంకెలు కావాలి. అంటే 450 అంకెలు. వేల సంఖ్యలో చుక్కల తీవ్రతలను కొలిచి, ఈ 450నీ సర్దుతూ పోతే అణువు బొమ్మ తేలుతుంది. డొరొతీ హాడ్జ్‌కిన్ ఇన్సులిన్ స్ఫటికానికి తొలి ఎక్స్ కిరణ ఫొటో తీసింది 1935లో, నిర్మాణం తేల్చింది 1969లో. మధ్యలో 34 ఏళ్ళు. ఇప్పుడు రిటోనవిర్ పరిమాణపు అణువుకు మంచి స్ఫటికం దొరికితే ఒక రోజు చాలు. దొరకడమే కష్టం.

ఇక రెండు స్ఫటికాల కొలతలు. స్ఫటికమంతా పదే పదే వచ్చే అతి చిన్న పెట్టెను యూనిట్ సెల్ అంటారు. మొదటి రూపంలో ఆ పెట్టె అంచులు 13.433, 5.293, 27.092 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఒక కోణం 103.1 డిగ్రీలు, అంటే పెట్టె ఒక పక్కకు ఒరిగి ఉంది. దీన్ని మోనోక్లినిక్ అంటారు. లోపల రెండు అణువులు, 196 పరమాణువులు. ఘనపరిమాణం 1876 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు. రెండో రూపంలో అంచులు 10.024, 18.674, 20.469. కోణాలన్నీ 90 డిగ్రీలే. దీన్ని ఆర్థోరాంబిక్ అంటారు. లోపల నాలుగు అణువులు, 392 పరమాణువులు. ఘనపరిమాణం 3831.5.

మొదటి పెట్టెలో ఒక అంచు 5.293 మాత్రమే ఉండటం గమనించదగ్గది. ముప్పై ఆంగ్‌స్ట్రామ్‌ల దరిదాపుల్లో సాగగల గొలుసు ఆ దిశలో ప్రతి 5.3 ఆంగ్‌స్ట్రామ్‌లకు ఒకటి చొప్పున, అదే భంగిమలో, ఒకదాని మీద ఒకటిగా పేర్చి ఉందన్నమాట. రెండో రూపంలో అలాంటి పొట్టి అంచే లేదు. పేర్పు పూర్తిగా వేరని వేరే ఏ పరీక్షా లేకుండా ఈ అంకె ఒక్కటే చెప్పేస్తుంది.

ఫ్యాక్టరీ ల్యాబుల్లో ప్రతి బ్యాచ్‌కూ పూర్తి నిర్మాణం తేల్చరు. పొడి మీద ఎక్స్ కిరణాలు పంపే ఎక్స్ఆర్‌డీ పరీక్ష చేస్తారు, ఏ కోణంలో శిఖరాలు వచ్చాయో చూస్తారు. పై కొలతలను బ్రాగ్ సూత్రంలో వేస్తే మొదటి రూపంలో అతి పెద్ద పొరల దూరం 26.4 ఆంగ్‌స్ట్రామ్‌లు, దాని శిఖరం 3.35 డిగ్రీల దగ్గర రావాలి. రెండో రూపంలో ఏ దూరమూ 20.5 మించదు. కాబట్టి 4.3 డిగ్రీలకు లోపు దానికి శిఖరమే ఉండదు. పొడిని చూస్తే రెండూ తెలుపే. ఆ కాస్త కోణం తేడాతో ఏది ఏదో పట్టుబడుతుంది.

ఇప్పుడు ఘనపరిమాణాలను అణువులతో భాగిద్దాం. మొదటి రూపంలో ఒక్కో అణువుకు 938 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు, రెండో దానిలో 958. తేడా 20, అంటే రెండు శాతం. నీటిలో ఒక నీటి అణువు ఆక్రమించే చోటు సుమారు 30. దానిలో మూడింట రెండు వంతుల ఖాళీ మాత్రమే అదనంగా ఉంది. సాంద్రతలు 1.28, 1.25. సాధారణంగా బాగా కిక్కిరిసి పేర్చుకున్న స్ఫటికమే ఎక్కువ స్థిరమని ఒక నియమం చెబుతారు. బర్గర్, రాంబెర్గర్ 1979లో దాన్ని సాంద్రతా నియమంగా పెట్టారు. ఇక్కడ అది తలకిందులైంది. వదులుగా ఉన్న రెండో రూపమే ఎక్కువ స్థిరం.

కారణం హైడ్రోజన్ బంధాలు. రిటోనవిర్‌లో హైడ్రోజన్‌ను అందించగల చోట్లు నాలుగు: మూడు నైట్రోజన్ల మీద, ఒకటి హైడ్రాక్సిల్ మీద. రెండో రూపంలో ఆ నాలుగూ పక్క అణువుల్లో సరైన జోడీలను పట్టుకుంటాయి. అందుకు అనువుగా ఉండాలంటే అణువు వంగాలి, కార్బమేట్ ఇష్టంలేని సిస్‌లోకి తిరగాలి. అణువు విడిగా కాస్త నష్టపోతుంది. స్ఫటికం మొత్తంగా అంతకు మించి లాభపడుతుంది. మొదటి రూపంలో అణువుకు హాయిగానే ఉంది గానీ హైడ్రోజన్ బంధాల అల్లిక అంత పటిష్ఠంగా కుదరలేదు. ఘనపదార్థాల లోకంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునే విషయం ఇదే: ఒక్కో అణువు అసౌకర్యంగా ఉన్న స్ఫటికం కూడా మొత్తం మీద ఎక్కువ గట్టిది కావచ్చు.

పటిష్ఠమైన అల్లిక నుంచి అణువులను విడదీయడం కష్టం. అంటే కరగడం కష్టం. ఆల్కహాల్ 99 వంతులు, నీరు ఒక వంతు కలిపిన ద్రావణంలో 5 డిగ్రీల సెల్సియస్ వద్ద మొదటి రూపం మిల్లీలీటరుకు 90 మిల్లీగ్రాములు కరిగితే, రెండోది 19 మాత్రమే. నీరు పావు వంతున్న ద్రావణంలో 170 ఒకవైపు, 30 మరోవైపు. నిష్పత్తి దాదాపు ఐదుకు ఒకటి.

ఈ నిష్పత్తి నుంచి శక్తి తేడాను కూడా తీయవచ్చు. 90ని 19తో భాగిస్తే 4.74. దాని సహజ సంవర్గమానం 1.56. వాయు స్థిరాంకాన్ని ఆ ఉష్ణోగ్రతతో గుణిస్తే వచ్చే గుణకం 2.31 కిలోజౌళ్ళు. రెంటినీ గుణిస్తే మోల్‌కు సుమారు 3.6 కిలోజౌళ్ళు. కార్బన్ కార్బన్ బంధం తెంపడానికి 350 దాకా కావాలి. అందులో వందో వంతు తేడా, ఒక మందు పనిచేయడానికీ పనిచేయకపోవడానికీ మధ్య గీత గీసింది. పైగా ఇదేమీ అరుదైన అంకె కాదు. ఐదు వందలకు పైగా జంట స్ఫటిక రూపాలను 2015లో కంప్యూటర్‌తో లెక్కించి చూస్తే సగానికి పైగా జంటల్లో శక్తి తేడా 2 కిలోజౌళ్ళ లోపే ఉంది, నూటికి తొంభై ఐదు జంటల్లో 7.2 మించలేదు. ప్రకృతి ఇంత సన్నటి తేడాల మీద నిర్ణయాలు తీసుకుంటుంటే, ఏ రూపం వస్తుందో ముందే చెప్పడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

1998కి తిరిగి వెళ్దాం. అప్పట్లో రిటోనవిర్ మోతాదు రోజుకు రెండుసార్లు 600 మిల్లీగ్రాములు. వంద మిల్లీగ్రాముల క్యాప్సూళ్ళు రోజుకు పన్నెండు. నేరుగా పొడిగా ఇస్తే మందు పేగుల్లోంచి సరిగా ఎక్కదు కాబట్టి దాన్ని ముందే కరిగించి, చిక్కటి పదార్థంగా క్యాప్సూల్‌లో నింపేవారు. కరిగించి పెడుతున్నాం గనక స్ఫటిక రూపం గురించి పెద్దగా దిగులు అక్కర్లేదనిపించింది. అప్పటికి తెలిసింది కూడా ఒక్క రూపమే. 240 లాట్ల క్యాప్సూళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా బయటకు వెళ్ళాయి.

ఆ తర్వాత కొన్ని లాట్లు కరిగే పరీక్షలో వరసగా తప్పాయి. విప్పి చూస్తే లోపల మందు స్ఫటికాలుగా విడిపోయి ఉంది. సూక్ష్మదర్శిని కింద, ఎక్స్ఆర్‌డీలో కొత్త రూపం కనిపించింది. లెక్క చూస్తే అర్థమైంది: క్యాప్సూల్‌లోని ద్రావణం మొదటి రూపం దృష్ట్యా సంతృప్త స్థాయికి కిందే ఉంది, అందుకే రెండేళ్ళు ఏమీ కాలేదు. అదే ద్రావణం రెండో రూపం దృష్ట్యా సుమారు 400 శాతం అతిసంతృప్తం. అది విడిపోవడానికి మొదటి నుంచీ సిద్ధంగానే ఉంది. కావలసింది మొదలుపెట్టే ఒక గింజ.

గింజ ఎంత ఉంటే చాలు? ఒక మైక్రాన్ పక్కలున్న రేణువును తీసుకుందాం. కంటికి కనిపించదు, గాలిలో తేలుతుంది. దాని ఘనపరిమాణాన్ని 958తో భాగిస్తే దాదాపు వంద కోట్ల అణువులు లెక్క తేలతాయి. అన్నీ ఒకే భంగిమలో, ఒకే వరసలో. పాలలో వేసిన తోడులా ఆ రేణువు మిగతా అణువులన్నిటినీ తన దారికి మళ్ళించగలదు. బట్టల మీద, జుట్టులో, కాగితాల మీద అది ఎక్కడికైనా ప్రయాణిస్తుంది. రెండో రూపాన్ని పరిశీలించిన బృందం ఇటలీలోని ప్లాంట్‌కు వెళ్ళి వచ్చాక, అప్పటిదాకా మొదటి రూపమే తయారవుతున్న అక్కడ కూడా రెండో రూపం రావడం మొదలైంది. ఆ కంపెనీ రసాయనవేత్తలే 2000లో ప్రచురించిన వ్యాసంలో ఈ వివరాలన్నీ దాచకుండా రాశారు. పరిశ్రమ తనకు ఎదురైన దెబ్బను ఇంత విడమరిచి చెప్పడం అరుదు. తర్వాతి తరం మందుల తయారీదారులు వాళ్ళకు నిజంగా రుణపడి ఉన్నారు.

తొలి గింజ ఎక్కడి నుంచి వచ్చిందన్నదానికీ ఒక బలమైన వివరణ ఇచ్చారు. రిటోనవిర్ తయారీలో క్షారం ఎక్కువైతే ఒక వ్యర్థ పదార్థం ఏర్పడుతుంది. అందులో కార్బమేట్ వలయంగా ముడుచుకుని ఉంటుంది. వలయంలో ముడుచుకున్న కార్బమేట్‌కు ట్రాన్స్‌గా ఉండే అవకాశమే లేదు, సిస్‌గానే ఉంటుంది. ఆ పదార్థం సరిగా కరగదు, చిన్న రేణువులుగా తేలుతుంది. బాగా అతిసంతృప్తమైన ద్రావణంలో అలాంటి రేణువు ఉపరితలం మీదికి రిటోనవిర్ అణువులు వచ్చి, దాన్ని అనుసరించి సిస్ భంగిమలో కుదురుకున్నాయి. ద్రావణం బాగా అతిసంతృప్తం కాకపోతే, గింజలు వేసినా సరే రెండో రూపం తేలిగ్గా మొదలవదని 2001లో వచ్చిన పరిశోధన చూపింది. మొదలయ్యాక ఆపడం అంతకంటే కష్టం.

క్యాప్సూళ్ళు లేని కాలంలో రోగులకు దొరికింది ద్రవరూపం. అందులో ఆల్కహాల్ 43 శాతం, రుచి భరించలేనిది. మందుల స్ఫటిక రూపాల గురించి రాసే వ్యాసాల్లో 25 కోట్ల డాలర్ల అమ్మకాల నష్టం అన్న అంకె తరచూ కనిపిస్తుంది. నాకు మాత్రం అంతకంటే ముఖ్యమైనది ఆ చేదు మందును రోజుకు రెండుసార్లు, ఒక్క పూటా తప్పకుండా మింగవలసి వచ్చిన మనుషుల పరిస్థితి. ప్రోటియేజ్ మందులు మోతాదు తప్పితే వైరస్ మందుకు లొంగకుండా మారిపోతుంది. ద్రావణీయతలో ఐదు రెట్ల తేడా అనే ప్రయోగశాల అంకెకు ఆసుపత్రిలో అర్థం అది.

ఒకే పదార్థం ఒకటికి మించి స్ఫటిక రూపాల్లో ఉండటాన్ని పాలిమార్ఫిజం అంటారు. రూపం మారడానికి అణువు భంగిమే మారడం కారణమైతే అది కన్ఫర్మేషనల్ పాలిమార్ఫిజం. ఎన్ని పదార్థాలకు ఈ గుణం ఉంది? పనిగట్టుకుని వెతికిన సేంద్రియ అణువుల్లో దాదాపు సగానికి ఒకటికి మించి రూపాలు దొరికాయి. ఎర్ర, నారింజ, పసుపు రంగుల స్ఫటికాలిచ్చే రాయ్ అనే చిన్న అణువుకు పదికి పైగా రూపాలున్నాయి. అందులో రంగు తేడాకు మూలం కూడా భంగిమలో తేడానే. ఒక పదార్థానికి తెలిసిన రూపాల సంఖ్య దాని మీద వెచ్చించిన కాలాన్నీ డబ్బునీ బట్టి పెరుగుతుందని వాల్టర్ మెక్‌క్రోన్ 1965లోనే అన్నాడు. ఒకప్పుడు సులభంగా వచ్చిన రూపం, స్థిరమైన రూపం పుట్టగానే మళ్ళీ రాకుండా పోయిన ఉదంతాలను డ్యూనిట్జ్, బెర్న్‌స్టైన్ 1995లో ఒకచోట చేర్చారు. రిటోనవిర్ గొడవకు మూడేళ్ళ ముందు. హెచ్చరిక అచ్చయి ఉంది, పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

ఈ విషయానికి హైదరాబాద్‌తో నిజమైన బంధం ఉంది. స్ఫటికంలో అణువులు ఎందుకు ఆ వరసలోనే చేరతాయి, కావలసిన వరసలో వాటిని చేర్చగలమా అన్న ప్రశ్నను ఒక ప్రత్యేక శాస్త్రంగా నిలబెట్టినవాళ్ళలో గౌతమ్ ఆర్. దేశిరాజు ముందుంటారు. 1979 నుంచి 2009 దాకా ఆయన పనిచేసింది హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో. క్రిస్టల్ ఇంజినీరింగ్ మీద ఆయన 1989లో వెలువరించిన పుస్తకం ఆ రంగంలో పునాది గ్రంథం. అదే విశ్వవిద్యాలయంలో అశ్విని నంగియా మందుల పాలిమార్ఫ్‌ల మీద, రెండు పదార్థాలు కలిసి కట్టే కోక్రిస్టల్‌ల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆ విశ్వవిద్యాలయం ఉన్న గచ్చిబౌలిలో ఆ పని నడుస్తుండగా అదే ఊరి చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో టన్నుల కొద్దీ బల్క్ డ్రగ్స్ రియాక్టర్లలో స్ఫటికాలుగా దిగుతున్నాయి. ద్రావణాన్ని ఎంత వేగంగా చల్లార్చాలి, ఏ ఉష్ణోగ్రత దగ్గర గింజలు వేసి సీడింగ్ చేయాలి, స్ఫటికాలు దిగాక మిగిలే మదర్ లిక్కర్‌లో ఎంత మిగలాలి అన్నవి అక్కడి షిఫ్ట్ కెమిస్ట్‌కు రోజువారీ పని. ఆ పని చేసే యువకులకు కాలేజీలో స్ఫటిక శాస్త్రం రెండు మూడు క్లాసుల్లో ముగిసిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. వాళ్ళ చేతిలో ఉన్నది ఫార్ములా ఒక్కటే కాదు, రూపం కూడా.

రూపం సంగతి కోర్టులకూ ఎక్కింది. రక్త క్యాన్సర్ మందు ఇమాటినిబ్ మెసిలేట్ బీటా స్ఫటిక రూపం మీద నోవార్టిస్ మన దేశంలో పేటెంట్ కోరింది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో, హెటిరో కూడా ఆ దరఖాస్తును వ్యతిరేకించినవాటిలో ఉన్నాయి. 2006లో చెన్నైలోని పేటెంట్ కార్యాలయం తిరస్కరించింది. చివరికి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కూడా తిరస్కరించింది. బీటా రూపం మెరుగ్గా జారుతుంది, తేమ తక్కువ పీలుస్తుంది, ఎక్కువ స్థిరంగా ఉంటుంది, శరీరానికి 30 శాతం ఎక్కువ అందుతుంది అన్నది కంపెనీ వాదన. 2005లో సవరించిన పేటెంట్ చట్టం సెక్షన్ 3(డి) ప్రకారం తెలిసిన పదార్థపు కొత్త రూపానికి పేటెంట్ రావాలంటే జబ్బు నయం చేసే శక్తి పెరగాలి, ఈ గుణాలు దాన్ని రుజువు చేయవన్నది కోర్టు నిర్ణయం. నెల మందు ధర బ్రాండ్‌కు లక్షా 20 వేల రూపాయల దాకా ఉంటే దేశీయ తయారీకి ఎనిమిది నుంచి పది వేలు ఉండేది. రోగి వైపు నుంచి చూస్తే ఆ తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. అయితే స్ఫటిక రూపం చిన్న విషయమని దాని నుంచి అర్థం తీయకూడదు. రిటోనవిర్‌లో రూపమే మందును ఆపేసింది. రూపం కనుక్కోవడం వేరు, దాని మీద ఇరవై ఏళ్ళ గుత్తాధిపత్యం ఇవ్వడం వేరు.

రిటోనవిర్ మళ్ళీ ఎలా వచ్చింది? 1999లో మెత్తటి జెలటిన్ క్యాప్సూల్‌తో. రెండో రూపం కూడా అందులో కరిగి ఉండేలా ద్రావకాన్ని మార్చారు, కాకపోతే ఫ్రిజ్‌లో పెట్టాల్సి వచ్చేది. కరెంటు నిలకడగా లేని ఊళ్ళలో ఇది పెద్ద అడ్డంకిగా ఉండేది. 2010లో వేడిని తట్టుకునే మాత్ర వచ్చింది. అందులో స్ఫటికమే లేదు. మందునూ ఒక పాలిమర్‌నూ కలిపి కరిగించి, ఒత్తి, అణువులు ఏ వరసలోనూ చేరకుండా చల్లార్చేస్తారు. పాలిమర్ వాటి మధ్య అడ్డుగా నిలుస్తుంది. ఈలోగా మందు పాత్ర కూడా మారింది. కాలేయంలో ఇతర మందులను త్వరగా విరగ్గొట్టే సీవైపీ3ఏ4 ఎంజైమ్‌ను రిటోనవిర్ ఆపుతుందని తేలాక, 600 బదులు 100 మిల్లీగ్రాములు ఇచ్చి పక్క మందు ప్రభావాన్ని పెంచడానికి వాడుతున్నారు. కోవిడ్‌కు 2021 డిసెంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చిన పాక్స్‌లోవిడ్‌లో 300 మిల్లీగ్రాముల నిర్మాట్రెల్విర్ పక్కన ఉన్నది ఈ వంద మిల్లీగ్రాముల రిటోనవిరే. ఆ జోడీకి హైదరాబాద్ హెటిరో తయారుచేసిన జెనరిక్ 2022 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందింది.

అంతటితో అణువు ఊరుకోలేదు. 2022లో, రెండో రూపం బయటపడిన 24 ఏళ్ళకు, మూడో రూపం దొరికింది. ద్రావణంలోంచి కాదు, వరస లేని గాజు లాంటి రిటోనవిర్‌ను వేడిచేస్తే అందులోంచి వచ్చింది. రెండు బృందాలు వేర్వేరుగా, దాదాపు ఒకే కాలంలో దాన్ని పట్టుకున్నాయి. స్థిరత్వంలో అది రెండో రూపాన్ని మించలేదు కాబట్టి మాత్రలకు 1998 లాంటి ప్రమాదం రాలేదు. ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలలు పాతికేళ్ళుగా తరచి చూస్తున్న అణువులో కూడా ఒక రూపం ఇన్నాళ్ళూ కంటపడకుండా ఉండగలిగింది.

2024లో ఇంకో మలుపు. మాయమైందనుకున్న మొదటి రూపాన్ని మరలో నూరడం ద్వారా వెనక్కి తెచ్చారు. రెండో రూపం సన్నటి సూదులుగా పెరుగుతుంది. నానో పరిమాణానికి నూరినప్పుడు స్ఫటికం లోపలి శక్తితో పాటు ఉపరితలం శక్తి కూడా లెక్కలోకి వస్తుంది, అక్కడ ఆకారం తేడా తూకాన్ని మారుస్తుంది. ఆ చిన్న పరిమాణంలో మొదటి రూపమే స్థిరమవుతుంది. 3.6 కిలోజౌళ్ళ తేడాను ఉపరితలం పూడ్చేస్తుందన్నమాట. మరలో ద్రావకం ఎన్ని చుక్కలు వేశారన్నదాన్ని బట్టి కూడా ఏ రూపం నిలుస్తుందో మారుతుంది. రెండో రూపం నుంచి మొదటి దానికి వెళ్ళాలంటే ప్రతి అణువులోనూ ఆ కార్బమేట్ బంధం సిస్ నుంచి ట్రాన్స్‌కు తిరగాలి. గట్టి స్ఫటికం లోపల దానికి చోటు లేదు. అందుకే మార్పు నూరినప్పుడు చెదిరిన అంచుల దగ్గర, కాస్త ద్రావకం తగిలిన చోట జరుగుతుంది.